బ్రిటిష్ స్టడీస్ తీసుకుంటే లండన్ వెళ్లాల్సిందేనా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గజపతి జిల్లా కాశీనగర్. నాన్నగారికి చిన్న కిరాణా కొట్టు ఉంది. పదో తరగతి దాకా ఊళ్లోనే చదివి, ఇప్పుడు బరంపురంలో హాస్టల్లో ఉండి బీఏ ఇంగ్లిష్ ఆనర్స్ రెండో ఏడాది చదువుతున్నాను. వచ్చే ఏడాదికి మా కాలేజీలో ఒక స్పెషలైజేషన్ ఎంచుకోవాలి. బ్రిటిష్ స్టడీస్, అమెరికన్ సాహిత్యం, ఇంగ్లిష్ బోధన అని మూడు ఉన్నాయి. నాకు మొదటిదాని మీద మనసు. ఎందుకంటే సరిగ్గా చెప్పలేను. మా తాతగారి ట్రంకు పెట్టెలో పాత భూమి దస్తావేజు ఒకటి ఉంది. రాత తెలుగు, ఊరు పర్లాకిమిడి, జిల్లా గంజాం, పైన స్టాంపు మీద ఇంగ్లండు రాజు బొమ్మ. చూసినప్పుడల్లా ఆ రాజుకీ మా రెండెకరాలకీ ఏం సంబంధం అనిపిస్తుంది. మా అక్కని పాతపట్నం ఇచ్చారు. బావగారు మాత్రం ‘బ్రిటిష్ స్టడీస్ లండన్ వెళ్లేవాళ్లకి, నీకెందుకు? బుద్ధిగా బీఎడ్ చేసుకో’ అంటున్నారు. క్లాసులో అమ్మాయిలు ‘తెల్లవాళ్ల చరిత్ర బట్టీ కొట్టాలి, మార్కులు పడవు’ అని భయపెడుతున్నారు. ఫారం ఇవ్వడానికి మూడు వారాలే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కాశీనగర్

సమాధానం: అమ్మా, నిన్ను ‘నువ్వు’ అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ముప్ఫై ఏళ్లకు పైగా నీ ఈడు పిల్లలకు ఇంగ్లిష్ పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని. ‘మీరు’ అని మొదలుపెడితే నాకు ఉత్తరం ముందుకు నడవదు.

ఎందుకు మనసైందో సరిగ్గా చెప్పలేనన్నావు. నీకు తెలియకుండానే చెప్పేశావు. ఆ రాజుకీ మా రెండెకరాలకీ ఏం సంబంధం అన్నావు చూడు, అది ఒక డిగ్రీకి సరిపడా ప్రశ్న. ఫారం సంగతి తర్వాత చూద్దాం, ముందు దాని గురించి మాట్లాడుకుందాం.

ఒకప్పుడు మనమంతా మద్రాసు ప్రెసిడెన్సీ. ఒడియా మాట్లాడేవాళ్లకు వేరే రాష్ట్రం కావాలన్న కోరిక ఏళ్ల తరబడి నలుగుతూ ఉండేది. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి 1930లో లండన్‌లో జరిగిన మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లి ఆ మాట అక్కడ పెట్టారు. సరిహద్దు ఎక్కడ గీయాలో చెప్పమని 1931లో ఓడొనెల్ కమిటీని వేశారు. 1933లో బ్రిటిష్ ప్రభుత్వం తన ప్రతిపాదనలతో శ్వేతపత్రం తెచ్చింది. అందులోని ఒరిస్సాలో పర్లాకిమిడి లేదు, కోరాపుట్ వైపు జయపురమూ లేదు. మళ్లీ విన్నపాలు, మళ్లీ ఓడ ప్రయాణాలు. ఆఖరికి లార్డ్ లిన్‌లిత్‌గో అధ్యక్షుడిగా ఉన్న పార్లమెంటు సంయుక్త కమిటీ 1934లో నివేదిక ఇచ్చింది. జయపురం ఎస్టేటునీ, పర్లాకిమిడి ఎస్టేటులో పట్నంతో సహా కొంత ముక్కనీ కొత్త రాష్ట్రంలో కలపమంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా పుట్టింది. ఎస్టేటులో మిగతా ముక్క మద్రాసు వైపే ఉండిపోయి, ఇప్పుడు శ్రీకాకుళం వాళ్ల లెక్కలోకి వస్తోంది.

మరి ఇప్పుడు చూడు. మీ నాన్నగారు కొట్టు లైసెన్సుకి ఏ ఆఫీసు మెట్లెక్కాలి, నువ్వు బళ్లో ఏ లిపి దిద్దాలి, పర్లాకిమిడి పక్కనే ఉన్న పాతపట్నంలో కాపురముంటున్న మీ అక్క వేరే రాష్ట్రం మనిషి ఎందుకైంది? ఇవన్నీ లండన్‌లో పార్లమెంటు ఉన్న వెస్ట్‌మినిస్టర్‌లో ఒక బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు తేల్చిన సంగతులు. ఆ బల్ల దగ్గర లార్డులు ఎందుకున్నారు? ఓటు వేసి గెలిచినవాళ్లతో సమానంగా వాళ్లకు కుర్చీ ఎవరిచ్చారు? ప్రభుత్వం శ్వేతపత్రంలో ఒకటి రాస్తే పార్లమెంటు కమిటీ ఇంకోటి ఎలా చెప్పగలిగింది? వీటికి జవాబులు ఇంగ్లండులో ఉన్నాయి. వాటిని చదవకపోతే కాశీనగర్ చరిత్ర కూడా సగమే తెలుస్తుంది. బ్రిటిష్ స్టడీస్ అంటే నా లెక్కలో ఇదీ.

ఆ రోజుల్లోనే ఇంకో పెద్దాయన మూటాముల్లె సర్దుకున్నారు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. 1880 నుంచి పర్లాకిమిడిలో రాజావారి బడిలో పాఠాలు చెప్పినవారు, అర్ధశతాబ్దానికి పైగా ఆ ఊరే లోకంగా బతికినవారు, 1936లో ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పేరు మళ్లీ తెస్తాను, ఆగు.

ఇప్పుడు మీ క్లాసు అమ్మాయిల మాట. ‘తెల్లవాళ్ల చరిత్ర’ అంటే వాళ్ల కళ్ల ముందు రాజుల పేర్ల పట్టిక ఉండి ఉంటుంది. పాఠం చెప్పే తీరు బాగోకపోతే అదే అవుతుంది కూడా. నా చదువు అలాగే సాగింది. మా మేష్టారు నోట్సు డిక్టేట్ చేసేవారు, మేం రాసుకునేవాళ్లం. ‘విక్టోరియన్ యుగ లక్షణాలు’ అని పన్నెండు పాయింట్లు. పరీక్షలో పన్నెండూ రాస్తే పన్నెండు మార్కులు. ఆ దేశంలో మనుషులు ఉంటారన్న సంగతే నాకు ఎం.ఏ. అయ్యేదాకా తట్టలేదు.

తట్టించినది కూడా మేష్టార్లు కారు, మా నాన్న. ఆయన బరంపురంలో పట్టుచీరల దుకాణంలో గుమాస్తా. నేను ఒక పాత నవల ముందేసుకుని, ఇతనికి ఏడాదికి ఇన్ని పౌండ్లు, ఆ పనిమనిషికి ఇన్ని షిల్లింగులు అన్న లెక్కలు అర్థంకాక విసుక్కుంటున్నాను. నాన్న అటుగా వచ్చి ‘షిల్లింగుకి ఎన్ని పెన్నీలు?’ అన్నారు. పన్నెండు అన్నాను. ‘పౌండుకి?’ ఇరవై షిల్లింగులు. ‘మరింకేం, మాకు అణాకి పన్నెండు పైలు, రూపాయికి పదహారు అణాలు. అదే బుర్ర, అదే లెక్క’ అని పెన్సిల్ తీసుకుని పుస్తకం అంచున గబగబా గుణించి, ఆ పనిమనిషికి నెలకు ఎంత పడుతుందో రాసిచ్చారు. లైబ్రరీ పుస్తకం మీద పెన్సిల్ గీతలేమిటని తర్వాత నాకు చివాట్లు పడ్డాయనుకో. మన దగ్గర అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957లో, వాళ్లు షిల్లింగు వదిలింది 1971లో. ఏ సిద్ధాంతం చదవకుండానే ఒక దుకాణం గుమాస్తా ఆ రోజు నాకు బ్రిటిష్ స్టడీస్ చెప్పాడు. నవలలో ఆ పిల్ల ఎందుకు అంత భయంభయంగా ఉంటుందో జీతం లెక్క తెలిశాకే అర్థమైంది.

ఇంకోటి కూడా ఉంది. బ్రిటన్ అంటే ఇంగ్లండు ఒక్కటే కాదు. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్ కూడా ఉన్నాయి. సరిహద్దు ఊళ్లో పుట్టిన పిల్లకు ఇది వేరే వాళ్లకంటే తొందరగా ఎక్కుతుందని నా నమ్మకం. వేల్స్‌కీ ఇంగ్లండుకీ మధ్య మాన్‌మత్‌షైర్ అని ఒక జిల్లా ఉంది. పదహారో శతాబ్దంలో చేసిన చట్టాలు దాన్ని ఎటూ గట్టిగా తేల్చలేదు. నాలుగు వందల ఏళ్లు కాగితాల్లో ‘వేల్స్, మాన్‌మత్‌షైర్’ అని విడివిడిగా రాస్తూ వచ్చారు. మాది ఇంగ్లండని కొందరు, కాదు వేల్స్ అని కొందరు. 1972లో చట్టం చేసి, 1974 ఏప్రిల్ 1 నుంచి అది వేల్స్‌లోదే అని తేల్చారు. అక్కడా ఏప్రిల్ 1నే, చూశావా! పర్లాకిమిడి వాళ్లకు ఇది చదివితే నవ్వొస్తుంది, కాస్త కడుపులోనూ కలుక్కుమంటుంది.

అదే వేల్స్‌లో పంతొమ్మిదో శతాబ్దంలో కొన్ని బళ్లలో ఒక చెక్కముక్క ఉండేది. దాని మీద డబ్ల్యూ, ఎన్ అని రెండక్షరాలు, చిన్న తాడు. ‘వెల్ష్ నాట్’ అంటే వెల్ష్ కూడదని. ఏ పిల్లాడి నోట ఇంటి భాష వెల్ష్ వస్తే వాడి మెడలో వేలాడదీసేవారు. వాడు దాన్ని వదిలించుకోవాలంటే వెల్ష్ మాట్లాడే ఇంకో పిల్లాణ్ణి పట్టివ్వాలి. సాయంత్రం గంట కొట్టేసరికి ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. 1847లో లండన్ నుంచి వచ్చిన ముగ్గురు అధికారులు, వెల్ష్ రాని వాళ్లే, అక్కడి బళ్లు చూసి, పిల్లల వెనకబాటుకీ జనం నడవడికకీ ఆ భాషే కారణమన్నట్టు నివేదిక రాశారు. ప్రభుత్వ నివేదికలకు నీలం అట్టలు ఉండేవి కాబట్టి వెల్ష్ వాళ్లు దాన్ని ‘నీలి పుస్తకాల ద్రోహం’ అని ఇప్పటికీ తిట్టుకుంటారు. అంత జరిగినా ఆ భాష పోలేదు. 2021 జనాభా లెక్కల్లో వేల్స్‌లో 5 లక్షల 38 వేల మంది తమకు వెల్ష్ వచ్చని రాయించుకున్నారు, అంటే నూటికి సుమారు 18 మంది. రోడ్డు పక్క బోర్డులు రెండు భాషల్లోనూ ఉంటాయి.

ఈ పాఠం చెప్పేటప్పుడు నాకు మా బడి గుర్తొచ్చేది. పేరెందుకులే. మా తరగతిలో తెలుగు మాట్లాడితే ఐదు పైసలు జరిమానా. వసూలు చేసే మానిటరు మా పక్క వీధి కుర్రాడే, వాళ్లింట్లో మాట్లాడేదీ తెలుగే. ఆ డబ్బులు ఏమయ్యేవో ఇప్పటికీ నాకు తెలీదు. ఒకసారి ఏడుస్తూ ఇంటికొచ్చి అమ్మతో చెబితే, అమ్మ ఐదు పైసలు చేతిలో పెట్టి ‘రేపటికి ముందే కట్టేసి హాయిగా మాట్లాడు’ అంది. క్లాసులో ఈ సంగతి చెప్పి, ఆ తర్వాత వెల్ష్ నాట్ గురించి చెబితే ఒక్క పిల్లా కిటికీలోంచి బయటికి చూసేది కాదు.

ఐర్లాండ్ విషయంలోనూ మన బరంపురానికి ఒక పోగు ఉంది. వి.వి. గిరి గారు, మన మాజీ రాష్ట్రపతి, 1894లో ఇక్కడి తెలుగు ఇంట్లో పుట్టారు. లా చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్లారు. అప్పటికి ఐర్లాండ్ మొత్తం బ్రిటన్ కిందే ఉంది. 1916 ఏప్రిల్‌లో అక్కడ ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. ఐరిష్ ఉద్యమకారులతో సంబంధాలున్నాయని ఆయనను దేశం విడిచి పొమ్మన్నారు. బరంపురం కుర్రాడు ఇంగ్లిష్ వాళ్ల చట్టం చదవడానికి వెళ్లి, ఇంగ్లిష్ వాళ్లను వద్దనేవాళ్లతో కలిశాడు. ఇంత దగ్గరి కథ ఉండగా మన కాలేజీల్లో ఐర్లాండ్ పాఠం చెప్పేటప్పుడు ఎవరూ ఎత్తరు. ఎందుకెత్తరో నాకు అర్థం కాదు.

సరే, ఇక ఫారం. నా సలహా బ్రిటిష్ స్టడీసే తీసుకోమని. అయితే కళ్లు మూసుకుని కాదు. ముందు డిపార్టుమెంటుకు వెళ్లి సిలబస్ కాగితం అడుగు. బోర్డు మీద పేరు కాదు, లోపల పేపర్లు చూడు. విశ్వవిద్యాలయాలను చూసే యూజీసీ 2015లో ఇచ్చిన నమూనా సిలబస్‌లో ఇంగ్లిష్ ఆనర్స్‌కి పద్నాలుగు కోర్ పేపర్లుంటే, పద్నాలుగో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల దాకా బ్రిటిష్ సాహిత్యమే ఆరు పేపర్లు. అంటే ఏ స్పెషలైజేషన్ తీసుకున్నా ఆ కవులూ ఆ నాటకాలూ నీకు ఎలాగూ తప్పవు. స్పెషలైజేషన్‌లోనూ మళ్లీ అవే ఇచ్చి బ్రిటిష్ స్టడీస్ అని పేరు పెట్టారనుకో, అది పాత చీరకు కొత్త అంచు కుట్టడమే. అలాంటిదైతే వద్దు. దేశం గురించి ఉండాలి. పార్లమెంటు, ఓటు హక్కు, ఫ్యాక్టరీలు, బళ్లు, చర్చి, పత్రికలు, వలసరాజ్యాలు ఉండాలి. 1945 తర్వాత ఏం జరిగిందో ఉండాలి. 1948లో విండ్‌రష్ ఓడలో కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్లతో మొదలుపెట్టి మన పంజాబీల దాకా ఆ దేశానికి వెళ్లి స్థిరపడినవాళ్ల సంగతి, 2014లో స్కాట్లాండ్ విడిపోవాలా వద్దా అని పెట్టిన ఓటు, యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలా అని పెట్టిన 2016 బ్రెగ్జిట్ ఓటు ఇవన్నీ ఎక్కడో ఒకచోట తగలాలి. ఐర్లాండ్, వేల్స్ అన్న మాటలు సిలబస్‌లో కనిపిస్తున్నాయా అని వేలు పెట్టి వెతుకు. కనిపిస్తే ఆ సిలబస్ రాసినవాళ్లకు విషయం తెలుసని అర్థం.

తర్వాత, ఎవరు చెబుతారో కనుక్కో. ఇది అందరికంటే ముందు సీనియర్ అమ్మాయిలను అడగాలి, వాళ్లు నిజం చెబుతారు. డిక్టేషన్ ఇచ్చే మేష్టారైతే ఎంత మంచి సిలబస్ అయినా నా పన్నెండు పాయింట్ల కథే. ఆఖర్న ప్రాజెక్టు ఉందా, ఉంటే అంశం మనం ఎంచుకోవచ్చా? నీ విషయంలో అన్నిటికంటే ముఖ్యం ఇదే.

అమెరికన్ సాహిత్యం మంచిదే, చెడ్డదని అనను. నీ ఉత్తరంలో దాని గురించి ఒక్క వాక్యం కూడా లేదు కాబట్టి నేనూ రాయను. ఇంగ్లిష్ బోధన మాత్రం ఆలోచించాల్సిందే. టీచరు ఉద్యోగమే లక్ష్యమైతే అది పనికొస్తుంది. కానీ ఎలాగూ బీఎడ్ చేస్తావు, బోధన పద్ధతులు అక్కడ రెండేళ్లు చెబుతారు. డిగ్రీలో ఒకసారి, బీఎడ్‌లో ఇంకోసారి అదే చదవడం నాకైతే దండగ అనిపిస్తుంది. డిగ్రీలో విషయం నేర్చుకో, చెప్పే పద్ధతి తర్వాత నేర్చుకోవచ్చు.

బావగారి దగ్గరికి వద్దాం. ఆయన నీ మంచికే చెబుతున్నారు, విసుక్కోకు. బీఎడ్ చేయమనడం సరైన మాట. బ్రిటిష్ స్టడీస్ దానికి అడ్డు అనుకోవడం దగ్గరే పొరపాటు. నీ డిగ్రీ ఇంగ్లిష్ ఆనర్సే. బీఎడ్ వాళ్లు చూసేది దాన్నే. కేంద్రీయ విద్యాలయాల్లో టీజీటీ (హైస్కూలు టీచరు) ఇంగ్లిష్ పోస్టులకు డిగ్రీలో అన్ని ఏళ్లూ ఇంగ్లిష్ చదివి ఉండాలని అడుగుతారు, స్పెషలైజేషన్ పేరు అడగరు. సర్టిఫికెట్ మీద ‘ఇంగ్లిష్’ అనే వస్తుందా, ఇంకేమైనా రాస్తారా అని మాత్రం ఆఫీసులో గుమాస్తాని అడిగి ఖాయం చేసుకో. ఈ ఒక్క మాటతో బావగారి టెన్షన్ సగం తగ్గుతుంది.

ఆయన మరిచిపోయిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. అది ఒడియా. నువ్వు ఏ మీడియంలో చదివావో, ఒడియా ఒక సబ్జెక్టుగా ఉందో లేదో రాయలేదు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి, కనీసం ఏడో తరగతి స్థాయిలో పాసైనట్టు కాగితం కావాలి. మన సరిహద్దు పిల్లలు చాలామంది మాట్లాడేస్తారు, కాగితం దగ్గర ఆగిపోతారు. ఇంగ్లిష్‌లో ఫస్ట్ క్లాసు తెచ్చుకుని ఒడియా కాగితం లేక అప్లికేషనే పెట్టలేకపోయిన పిల్లల్ని నేను కళ్లారా చూశాను. అటు ఆంధ్రా వైపు చూద్దామంటే, చదువంతా ఇక్కడే కాబట్టి అక్కడ నువ్వు నాన్-లోకల్ అవుతావు, సీట్లు తక్కువ. బావగారి ఊరు దగ్గరే కదా అని లోకల్ అయిపోవు. కాబట్టి ఏ స్పెషలైజేషన్ అన్నదానికంటే ఒడియా కాగితం నీకు పెద్ద విషయం. లేకపోతే ఈ వేసవిలోనే దాని సంగతి చూడు.

లెక్చరర్ కావాలనుకుంటే ఎం.ఏ., తర్వాత లెక్చరర్ అర్హతకు పెట్టే నెట్ పరీక్ష. నెట్‌లో ఇంగ్లిష్ పేపరు వంద ప్రశ్నలు, రెండు వందల మార్కులు. అందులో నాటకం, కవిత్వం, నవల, విమర్శ, సిద్ధాంతంతో పాటు ‘భారతదేశంలో ఇంగ్లిష్ చరిత్ర’, ‘సాంస్కృతిక అధ్యయనం’ అని రెండు భాగాలు ఉంటాయి. బ్రిటన్‌ని సరిగ్గా చదివినవాళ్లకు ఆ రెండూ దాదాపు చదివేసినట్టే. మీ కోర్సు కొత్త విద్యావిధానం ప్రకారం నాలుగేళ్లదైతే, మొదటి మూడేళ్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లకు నాలుగో ఏడు ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ చేసే వీలుంటుంది, ఆ తర్వాత ఎం.ఏ. ఒక్క ఏడాదే. ప్రాజెక్టు పిచ్చి పట్టితే అప్పుడు ఆలోచించు. హైదరాబాద్‌లో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ ఉంది, కోరాపుట్‌లో ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది, విశాఖ నీకు తెలిసిందే.

లండన్ మాట ఎత్తారు కాబట్టి అదీ రెండు ముక్కల్లో. బ్రిటిష్ స్టడీస్ చదివినంత మాత్రాన వీసా సులువుగా రాదు. చదవలేదని ఆగిపోదు కూడా. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్ ఉంది, ఒక ఏడాది మాస్టర్స్ ఖర్చంతా వాళ్లదే. దానికి రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉండాలి, చదువయ్యాక తిరిగొచ్చి రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. అది ఇప్పటి మాట కాదు. ఎప్పుడైనా బుద్ధి పుడితే చూద్దువుగాని.

ప్రాజెక్టు అన్నాను కదా, అక్కడ నాకు కాస్త ఆశ ఎక్కువ. గిడుగు వారి దగ్గరికి మళ్లీ వస్తాను. మనం ఆయన్ని వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా ఏటా ఆగస్టు 29న తలుచుకుంటాం. పర్లాకిమిడిలో ఉండగా ఆయన అక్కడి కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడి పుస్తకాలు రాశారు. ఇంగ్లిష్‌లో సవర వ్యాకరణం రాస్తే మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చు వేసింది, 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువు వచ్చింది. వాడుక భాష ఉద్యమం వెనక కూడా ఒక ఇంగ్లిష్ దొర ఉన్నాడు. యేట్స్ అని, బళ్ల ఇన్‌స్పెక్టరు. తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడేది ఒకటి పుస్తకాల్లో ఉండేది ఒకటి, ఇదేమిటని అడిగాడు. దొర అడిగిన ప్రశ్న, తెలుగు పంతులు పట్టిన పట్టు, కొండమీద సవర మాట, అచ్చువేసిన మద్రాసు ప్రభుత్వం, వీటన్నిటికీ చోటు పర్లాకిమిడే. మీ కాశీనగర్ సంతలో సవర మాట నీ చెవినా పడే ఉంటుంది. దీని మీద డిగ్రీ పిల్ల ఎవరైనా ఇరవై పేజీలు రాస్తే నేను కూర్చుని చదువుతాను.

లేదూ, సరిహద్దు కథే తీసుకుంటానంటే ఇంకా మంచిది. బ్రిటిష్ పార్లమెంటులో జరిగిన చర్చలన్నీ ‘హన్సార్డ్’ అనే పేరుతో అచ్చయ్యాయి. ఇప్పుడు ఫోన్‌లోనే ఉచితంగా చదవొచ్చు, 1803 నుంచి ఉన్నాయి. 1935, 1936ల్లో ఒరిస్సా గురించి వెతుకు. ఒక చిట్కా చెబుతాను. మన ఊరి పేరును ఇంగ్లిష్‌లో వాళ్లు ఒక్క తీరున రాయలేదు. నాలుగైదు స్పెల్లింగులతో వెతక్కపోతే ‘ఏమీ లేదు’ అనే వస్తుంది. 1882లో మాల్ట్‌బీ అనే అధికారి రాసిన గంజాం జిల్లా మాన్యువల్ కూడా చూడు. నీ ఇంగ్లిష్ ఏ మూల తడబడినా ఫరవాలేదు, అందులో ఊళ్ల పేర్లు నీకు తెలుసు, లండన్‌లో చదివే పిల్లకు తెలియవు.

మార్కుల భయం గురించి ఒక్క మాట. బట్టీ పట్టిన జవాబూ మార్కులు తెస్తుంది, కాదనను. కానీ యాభై పేపర్లు దిద్ది విసిగిన మేష్టారికి యాభై ఒకటో పేపరులో మాన్‌మత్‌షైర్ పక్కన పర్లాకిమిడి కనిపిస్తే పెన్ను ఆగుతుంది. నా పెన్ను ఆగేది.

ఇక ఆ దస్తావేజు. ఏ ఏటిదో రాయలేదు. గంజాం జిల్లా అని ఉందని మద్రాసు కాలం నాటిదే అనుకోకు, 1992 అక్టోబరులో గజపతి జిల్లా విడిపోయేదాకా మీది గంజాం జిల్లానే. స్టాంపు మీద రాజు ముఖం చూడు. గడ్డం ఉంటే చాలామటుకు ఐదో జార్జి, ఆయన 1936 జనవరిలో పోయారు. ఆయన తండ్రి ఏడో ఎడ్వర్డ్‌కీ గడ్డమే, కానీ ఆయన 1910కే వెళ్లిపోయారు. నున్నగా గీసుకున్న ముఖమైతే ఆరో జార్జి, అంటే అప్పటికి ఒరిస్సా పుట్టేసింది. రాష్ట్రం మారాక కూడా తెలుగులోనే రాసుకున్నారన్నమాట, అది ఇంకా మంచి కథ. తర్వాత కాగితం తిప్పి చూడు. సాధారణంగా వెనక వైపు స్టాంపు వెండరు రాసిన రెండు పంక్తులు ఉంటాయి, ఏ తేదీన ఎవరికి అమ్మాడో. ఎండ నేరుగా పడని చోట, పగటి వెలుతురులో రెండు వైపులా ఫోటో తీసుకో. చిరిగినచోట సెలోటేప్ వేయకు, లామినేషన్ అసలే వద్దు, ఆ ప్లాస్టిక్ వేడికి పాత కాగితం పాడవుతుంది, మళ్లీ ఊడదీయడం ఎవరి తరమూ కాదు. గడ్డం ఉందో లేదో, తేదీ ఏముందో నాకు రాయి.